మొఖాలన్నీ వచ్చినంక

ముందు ఆకాశం వచ్చింది. తర్వాత రెండు తెల్ల పావురాలు వచ్చాయి. ఆ తర్వాత రాజేశ్వర్ రావు గారి నుదురు వచ్చి, అక్కడే ఆగిపోయింది.

పెద్ద దవాఖాన బ్లడ్ బ్యాంకు ముందు, వరండా గట్టు మీద కూర్చున్న యాకమ్మ ఫోన్ పట్టుకొని ఆ నుదుటి వంకే చూస్తోంది. ఆమె ఒడిలో తల పెట్టుకొని మనుమరాలు పావని పడుకుంది. పిల్ల పెదవులు కూడా పాలిపోయి ఉన్నాయి. పుట్టుకతో వచ్చిన జబ్బు, ఒంట్లో రక్తం నిలవదు, నెలనెలా ఎక్కించాల్సిందే. పైగా గ్రూపు ఓ నెగెటివ్. బ్యాంకులో ఆ గ్రూపు దొరికిన నెల అదృష్టం. దొరకని నెల ఇచ్చేవాళ్ళను వెతుక్కోవాలి.

అప్పుడే రక్తం ఇచ్చి, చేతికి అంటించిన దూదిని అదిమి పట్టుకొని బయటికొచ్చిన యమున ఆ ఫోన్ చూసి ఆగింది. ఆ పావురాలు ఆమెకు బాగా తెలుసు. ఆమె సభ్యురాలిగా ఉన్న రక్తమిత్ర సంఘం వెబ్‌సైటు అది.

"ఏం చూస్తానవ్ పెద్దమ్మా?"

"నంబర్ బిడ్డా. ఈ నెల రక్తం ఇచ్చేటోళ్ళ నంబర్ ఇండ్ల వస్తది. పొద్దుగాల ఊర్లె బస్సెక్కేటప్పుడు నొక్కిన. నర్సంపేట దాటినంక పావురాలు వచ్చినయి. గిప్పుడు ఈ సారు వస్తాండు. ఈ సారు మొఖం, ఆయన పక్కనోళ్ళ మొఖాలు, అన్నీ వచ్చినంక గని నంబర్ రాదు."

యాకమ్మ ఈ మాటను ఏ కోపమూ లేకుండా చెప్పింది. బస్సు ఆలస్యమైతే చెప్పినట్టు, వాన పడితే చెప్పినట్టు. అదే యమున ఒంటికి కారం రాసినట్టయింది. ఆమె తన ఫోన్ తీసి, ఈ నెల ఇవ్వగలిగిన వాళ్ళలో సదానందం అనే లెక్చరర్‌కు ఫోన్ చేసింది. ఆయన కాలేజీలో సెలవు చెప్పి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. పిల్లకు రక్తం ఎక్కింది. యాకమ్మ దండం పెట్టబోతే యమున ఆమె చేతులు పట్టుకొని ఆపింది. దండం పెట్టించుకునే పనా అది! పొద్దున బస్సులోనే దొరకాల్సిన నంబర్.

యమున మడికొండ దగ్గర ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తుంది. ఎక్కడో ఉన్నవాళ్ళ వెబ్‌సైట్లు ఎంత త్వరగా తెరుచుకుంటున్నాయో, ఎక్కడ తడబడుతున్నాయో పరీక్షించి చెప్పడమే ఆమె ఉద్యోగం. సంఘం సైటులో దాతల పేజీ రాసింది ఆమే. ఒకసారి రక్తం ఇచ్చినవాళ్ళు మళ్ళీ ఇవ్వాలంటే మూడు నెలలు ఆగాలి కాబట్టి, ఈ నెల ఎవరి వంతో ఆ పేజీ ఎప్పటికప్పుడు తేల్చి చూపిస్తుంది. అది బంగారంలా పనిచేస్తుంది. కానీ దాని దాకా పోవాలంటే ముందు గుమ్మం దాటాలి. ఆ గుమ్మం, అంటే సైటు మొదటి పేజీ, కట్టింది మధు. హన్మకొండలో ఫ్లెక్సీలు కొట్టే దుకాణం అతనిది.

ఇక్కడ ఫ్లెక్సీల సంగతి కాస్త చెప్పాలి. మన ఊళ్ళో మనిషి పుడితే ఫ్లెక్సీ, పోతే ఫ్లెక్సీ, మధ్యలో చెవులు కుట్టిస్తే ఫ్లెక్సీ. దాని మీద ఎవరి మొఖం ఏ వరసలో ఉంది, ఎంత సైజులో ఉంది అన్నది చిన్న విషయం కాదు. అన్నదమ్ములు ఏళ్ళ తరబడి మాట్లాడుకోకుండా పోయిన ఫ్లెక్సీలు ఉన్నాయి. ఉన్న మొఖం మరుసటి ఫ్లెక్సీలో లేకపోతే, ఆ మనిషిని వెలేశారని అర్థం. ఎవరూ నోటితో చెప్పనక్కర్లేదు.

ఆ సాయంత్రం యమున ల్యాప్‌టాప్ ముందు కూర్చొని, వేగాన్ని కొలిచే ఉచిత పరీక్ష పేజీ ఒకటి తెరిచింది. సైటు అడ్రసు కొడితే చాలు, మామూలు ఫోన్‌లో, నీరసంగా ఉన్న నెట్‌లో అది ఎలా తెరుచుకుంటుందో చూసి వందకు మార్కులు వేస్తుంది. రోజంతా పరాయివాళ్ళ సైట్లకు ఈ పరీక్ష పెట్టే తాను సొంత సంఘానికి ఒక్కసారైనా పెట్టలేదు. ఎర్ర సున్నా చుట్టిన అంకె వచ్చింది: పంతొమ్మిది.

కారణం కూడా కిందే రాసి ఉంది. పదడుగుల ఫ్లెక్సీ కోసం చేసిన బొమ్మను మధు ఉన్నదున్నట్టు తెచ్చి సైటు నెత్తిన పెట్టాడు. గోడకు కట్టాల్సిందాన్ని అరచేతిలోకి దించుతున్నాడు. దానికి తోడు దానంతటదే మోగే ఒక పాట. కింద రైలు బండిలా పరుగెత్తే పుట్టినరోజు శుభాకాంక్షలు. బ్రౌజర్‌లోనే నెట్‌ను కావాలని నెమ్మది చేసి చూసే ఏర్పాటు ఉంటుంది. అది పెట్టి యమున సైటు తెరిచింది. ఆకాశం, పావురాలు, నుదురు. చాయ్ పెట్టుకొని తాగి, గ్లాసు కడిగి వచ్చి చూస్తే అప్పటికి రాజేశ్వర్ రావు గారి కళ్ళద్దాలు వచ్చాయి. ఆమె ల్యాప్‌టాప్ మూత ధబీమని వేసింది.

మర్నాడు నేరుగా ఆయన ఇంటికే పోయింది. రాజేశ్వర్ రావు గారు సంఘం అధ్యక్షుడు, రిటైరైన హెడ్మాస్టరు. మనిషి చెడ్డవాడు కాదు. శిబిరాలు పెట్టిస్తాడు, పండ్లు పంచుతాడు. కాకపోతే ఫోటో తీసేదాకా పండు చేతిలోంచి వదలడు.

"పంతొమ్మిదా? వందకా?" అన్నాడు ఆయన, అవమానంతో చెవులు ఎర్రబడి. "ఎవలు దిద్దిన్లు?"

"ఎవలు దిద్దలే సార్. మిషనే ఏసింది."

"నా స్కూల్ల ఒక్క పోరన్ని ఫెయిల్ కానియ్యలే నేను. మల్లొకసారి దిద్దియ్యి."

"నాలుగు సార్లు దిద్దిచ్చిన. గంతే వస్తాంది."

"అరె, ఇగో, నా ఫోన్ల చూడమ్మా. టప్పున వచ్చింది!"

"మీకు వస్తది సార్. ఇంట్ల వైఫై ఉన్నది. రోజు తెరుస్తరు గనుక బొమ్మ మీ ఫోన్ల ముందే దాసిపెట్టి ఉన్నది. నర్సంపేట అవుతల పల్లెల ఒక్క గీత సిగ్నల్ ఉన్నోళ్ళ ఫోన్ల చూడున్లి."

రాజేశ్వర్ రావు గారు ఫోన్ బల్ల మీద పెట్టి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అంటే మా మొఖాలు తీసెయ్యమంటానవ్."

"తీసెయ్యమంటలేను. బొమ్మను చిన్నగ చెయ్యాలె. ఫోటో మీద గీత కూడ చెరగకుంట బరువు తగ్గించే సైట్లు ఫ్రీగ ఉన్నయి. పాస్‌వర్డ్ ఇప్పియ్యున్లి, చాయ్ తాగేలోపు చేసి పెడ్త."

"పాస్‌వర్డ్ నీకెందుకు? నీకెందుకు శ్రమ? మధుతోని నేనే తేలిక చేపిస్త, ఫికర్ చెయ్యకు."

ఆ మాట నమ్మి యమున లేచి వచ్చింది. రాజేశ్వర్ రావు గారు మాట తప్పే మనిషి కూడా కాదు. తేలిక చేయించాడు. ఎలా చేయించాడో మూడు నాలుగు వారాల తర్వాత తెలిసింది.

పరీక్ష పేజీలో మళ్ళీ పంతొమ్మిదే వచ్చింది. యమున సైటు తెరిచి చూసింది. ఆకాశం ఉంది, పావురాలున్నాయి, రాజేశ్వర్ రావు గారు, కార్యవర్గం, అందరూ ఉన్నారు. కుడివైపు కింద, ఆటో నడిపే కొమురెల్లి ఉండాల్సిన చోట మాత్రం ఇంకో పావురం ఉంది. మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్ళు భగ్గుమంది. స్కూటీ తీసి మధు దుకాణం ముందు ఆపేదాకా హెల్మెట్ పెట్టుకోలేదని ఆమెకు గుర్తు లేదు.

"కొమురన్నను ఎందుకు తీసినవ్ మధూ?"

"నేను తియ్యలే అక్కా! సారే తియ్యమన్నడు. మస్తు బరువైందట, ఒకల్ని తీస్తే తేలికైతదట."

"మొఖం తీస్తే ఫైలు తేలికైతదా? ఆ జాగల పావురాన్ని పెట్టినవ్ గదా! పది మొఖాలున్నా ఒక్క మొఖమున్నా బొమ్మ సైజు గంతే. నీకు తెల్వదా? రోజు గదే పని చేస్తవ్ గద!"

"తెలుసక్కా," అన్నాడు మధు, తల వంచుకొని. "సారుకు చెప్తే వినడు. ఎవల్ని తియ్యాలె సార్ అని అడిగిన. జరసేపు ఆలోచించి, ఆటో ఆయన ఏమనుకోడు, ఆయన్ని తియ్యి అన్నడు."

ఆ ఫ్లెక్సీ మీద ఉన్నవాళ్ళందరిలో తన ఒంట్లోంచి రక్తం తీసి ఇచ్చినవాడు ఒక్క కొమురెల్లే. ఓ నెగెటివ్. మూడు నెలలు నిండగానే ఎవరూ పిలవకుండా తానే ఆటో ఆపుకొని బ్యాంకులోకి పోయేవాడు. మిగతా వాళ్ళకు షుగరు, బీపీ, లేదంటే తీరిక లేదు. వాళ్ళ మొఖాలకు మాత్రం ఏ జబ్బూ లేదు, నిక్షేపంగా ఉన్నాయి. యమున అక్కడే నిలబడి నోటికొచ్చినట్టు తిట్టింది. ఫ్లెక్సీ కొలతలు చెప్పడానికి వచ్చిన పెళ్ళివాళ్ళు బయటే ఆగిపోయారు. పాస్‌వర్డ్ ఇమ్మంటే మధు రెండు చేతులూ జోడించాడు. సారు ఊరుకోడని, సంఘం పనులన్నీ తనకే వస్తాయని బతిమాలాడు.

సరిగ్గా అప్పుడే ఆ నెల తిరిగింది. యాకమ్మ ఫోన్ చేసింది. పోయినసారి యమున తన నంబర్ ఇచ్చింది కాబట్టి నేరుగా ఆమెకే చేసింది, లేకపోతే ఇంకా ఏ బస్సులోనో పావురాల కోసం చూస్తుండేది.

"బిడ్డా, దవాఖానల ఉన్నం. పిల్ల కండ్లు తెరుస్తలేదు, మూలుగుతాంది. బ్యాంకుల ఆ గ్రూపు లేదన్నరు. నంబర్ వస్తలేదు."

ఈ నెల వంతు ఒక్కరిదే. కొమురెల్లి. యమున అతనికి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగింది. మళ్ళీ చేస్తే కట్ చేశాడు.

హన్మకొండ చౌరస్తా ఆటో అడ్డాలో కొమురెల్లి తన బండి ముందు సీట్లో కూర్చొని, ఎటో చూస్తున్నాడు. యమునను చూసి కూడా లేవలేదు.

"అన్నా, ఫోన్ ఎందుకు ఎత్తుతలేవ్? చిన్నపిల్లకు రక్తం కావాలె."

"సంఘంల సానామంది ఉన్నరు గద చెల్లె. మొఖాలున్నయి, వాళ్ళనడుగు."

"అన్నా..."

"ఎక్కినోళ్ళకల్లా చూపెట్టిన నేను. ఇగో, ఇది నేనే, సార్ల పక్కన ఉన్న అని. మొన్న మా బస్తీల పోరగాండ్లు తెరిచి చూసి, ఏం చేసినవే, నిన్ను తీసేసిన్లు అని అడిగిన్లు. నా ఇంటామె గూడ అడిగింది. పైసలేమన్న తిన్నవా అని అడిగింది చెల్లె, నా ఇంటామె." అతను హ్యాండిల్ మీద అరచేత్తో కొట్టాడు. "నా మొఖం పనికిరాదు గని నా రక్తం పనికొస్తదా?"

ఆ మాటలో ఒక్క అక్షరం కూడా తప్పు లేదు. యమున అతన్ని బతిమాలలేదు. పిల్ల ప్రాణం పేరు చెప్పి, జరిగిన అవమానాన్ని మింగేయమని అతనికి చెప్పడం కూడా ఇంకో రకంగా అతని మొఖం తీసేయడమే అనిపించింది. ఆమె ఆటో వెనక సీట్లో ఎక్కి కూర్చొని, బ్యాగులోంచి ల్యాప్‌టాప్ తీసి, మధుకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది.

"మధూ, పాస్‌వర్డ్ చెప్పు."

"అక్కా, సారుకు తెలిస్తే..."

"దవాఖానల పిల్ల చస్తాంది. ఇచ్చే మనిషి నా ముంగట్నే ఉన్నడు, నువ్వు తీసేసిన మనిషి. పాస్‌వర్డ్ చెప్తవా, ఈ అడ్డా మీద ఉన్న ఆటోలన్నీ నీ దుకాణం ముంగట తెచ్చి పెట్టాల్నా?"

అడ్డా మీద ఉన్నవాళ్ళు ఒకళ్ళ మొఖాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఇద్దరు ముగ్గురు నిజంగానే జేబుల్లోంచి బండి తాళాలు తీశారు. మధు పాస్‌వర్డ్ చెప్పాడు. "నా పేరు చెప్పకక్కా" అని కూడా అన్నాడు.

యమున ఏ కుదింపూ చేయలేదు. ఇంతకుముందైతే బొమ్మను చిన్నది చేసి, బరువు తగ్గించి, నంబర్ల కిందికి దించి, అందరి గౌరవమూ కాపాడేది. ఇప్పుడు ఆ ఓపిక చచ్చిపోయింది. ఫ్లెక్సీ మొత్తం పీకేసింది. ఆకాశం పోయింది, పావురాలు పోయాయి, మొఖాలన్నీ పోయాయి. పాట పోయింది. పుట్టినరోజు రైలు పోయింది. తెల్లటి పేజీ, దాని మీద రక్తం గ్రూపులు, ఒక్కోదాని కింద ఈ నెల ఇవ్వగలిగిన వాళ్ళ నంబర్లు, అంతే మిగిలింది. పరీక్ష పేజీలో అడ్రసు కొట్టి, ల్యాప్‌టాప్‌ను ముందు సీటు వైపు తిప్పింది.

పచ్చ సున్నాలో అంకె తిరిగి తిరిగి ఆగింది. తొంభై ఎనిమిది.

కొమురెల్లి అంకె వంక చూడలేదు. తన ఫోన్ తీసి సైటు తెరిచాడు. వేలు తీసేలోపు వచ్చేసింది. పైనుంచి కిందికి జరిపాడు, కిందినుంచి పైకి జరిపాడు.

"సార్ ఏడి?"

"లేడు."

"సెక్రెటరీ?"

"ఆయన లేడు. ఎవ్వరు లేరన్నా. నంబర్లే ఉన్నయి. ఓ నెగెటివ్ కింద ఇయ్యాల ఉన్నది ఒక్కటే నంబర్, చూడు. అది నీదే."

అతను ఆ నంబర్‌ను వేలితో ఒక్కో అంకె చదువుకున్నాడు. "ఎవ్వలియి లేకుంటే నాకేం తకరార్ లేదు," అని బండి స్టార్ట్ చేశాడు. ములుగు రోడ్డు మీదికి ఎక్కాక ఒక్క మాట అన్నాడు. "ఫోన్ ఎత్తకపోయేసరికి నాకే మంచిగనిపియ్యలే చెల్లె. పిల్ల అని నాకు తెల్వదు."

సాయంత్రానికి రక్తం ఎక్కింది. పావని లేచి కూర్చొని బిస్కెట్ అడిగింది. అప్పుడే రాజేశ్వర్ రావు గారి ఫోన్ వచ్చింది.

"మా మొఖాలేవి?"

"తీసేసిన సార్. పావని మొఖంల రంగొచ్చింది."

ఆయన అరిచాడు. క్రమశిక్షణ అన్నాడు, పెద్దలంటే గౌరవం అన్నాడు, అత్యవసర సమావేశం అన్నాడు. యమున అంతా విని, అంతకు రెండింతలు అరిచింది. కొమురెల్లి భార్య ఏమని అడిగిందో చెప్పింది. చివర్లో ఆయన, "ఇప్పుడు మార్కులెన్ని వచ్చినయి?" అన్నాడు.

"వందకు తొంభై ఎనిమిది."

"తొంభై ఎనిమిదా! ఎవలు దిద్దిన్లు?"

"అప్పుడు దిద్దిన మిషనే సార్."

ఆయన ఫోన్ పెట్టేశాడు. సమావేశం జరగలేదు. మొఖాలు తిరిగి పెట్టమని ఎవరూ అడగలేదు. పెద్దాయనకు బుద్ధొచ్చిందనే యమున అనుకుంది. మరుసటి నెల పావనికి రక్తం ఎక్కించే రోజు పొద్దున యాకమ్మ ఫోన్ చేసి, ఊరి నుంచే నంబర్ దొరికిందని, ఇచ్చే పిల్లగాడు తనకంటే ముందే వచ్చి బ్యాంకు దగ్గర కూర్చున్నాడని గర్వంగా చెప్పింది. ఆ పిల్లను ఒకసారి చూసిపోదామని యమున కొమురెల్లి ఆటోలోనే దవాఖానకు బయల్దేరింది.

దవాఖాన చౌరస్తాలో, రెయిలింగుకు కట్టిన కొత్త ఫ్లెక్సీ ఉంది.

'మన సంఘం వెబ్‌సైటుకు 98 మార్కులు! ఈ ఘనత సాధించిన అధ్యక్షులకు హార్దిక శుభాకాంక్షలు.' ఆకాశం ఉంది, పావురాలున్నాయి. మధ్యలో నిలువెత్తు రాజేశ్వర్ రావు గారు దండం పెడుతున్నారు. చుట్టూ కార్యవర్గం. ఎడమ పక్క ఒక గుండ్రంలో యమున, ఏ పెళ్ళిలోనో తీసిన ఫోటో. కింద మూలన కొమురెల్లి మళ్ళీ వచ్చాడు, ఈసారి కొంచెం పెద్దగానే. ఆ మార్కులు ఎందుకొచ్చాయో రాజేశ్వర్ రావు గారికి ఇప్పటికీ తెలియదు. ఆ సంగతి తట్టేసరికి యమునకు నవ్వు కూడా రాలేదు.

ఫ్లెక్సీ ముందు ఒక మనిషి నిలబడి ఉన్నాడు. చేతిలో బ్లడ్ బ్యాంకు చీటీ నలిగిపోయి ఉంది. ఫ్లెక్సీని ఈ చివర నుంచి ఆ చివరి దాకా చూస్తున్నాడు, వంగి కింది అంచు కూడా చూస్తున్నాడు.

"అక్కా, మాది తొర్రూరు. మా ఇంటామెకు ఆపరేషనుంది," అన్నాడు యమునను చూసి. "రక్తం సంఘపోళ్ళది గిదే అన్నరు. ఇండ్ల నంబర్ యాడున్నది?"

యమున వెతికింది. పైన లేదు, కింద లేదు. సైటు అడ్రసు లేదు, ఫోన్ నంబర్ లేదు. ఇన్ని మొఖాల మధ్య పది అంకెలకు చోటు దొరకలేదు.

ఆమె రోడ్డు దాటి రంగుల దుకాణంలో నల్ల పెయింటు డబ్బా, వెడల్పాటి బ్రష్షు కొన్నది. చాయ్ బండి దగ్గరి స్టూలు అడక్కుండానే లాక్కొచ్చి ఫ్లెక్సీ ముందు వేసింది. కొమురెల్లి ఏమీ అడగకుండా దాని కాళ్ళు గట్టిగా పట్టుకున్నాడు. యమున తన నంబర్ రాయడం మొదలుపెట్టింది. మొదటి అంకె తొమ్మిది తన మొఖం మీదే పడింది, నుదుటి బొట్టు నుంచి గడ్డం దాకా. జనం ఆగారు. ఎవరో "ఏయ్, ఏం చేస్తానవమ్మా" అన్నారు. ఆమె స్టూలు దిగి, జరిపి, మళ్ళీ ఎక్కింది. సెక్రెటరీ మీద ఒక అంకె, కోశాధికారి మీద ఒకటి, చేతులు జోడించిన రాజేశ్వర్ రావు గారి కళ్ళద్దాల మీద సున్నాలు రెండూ సరిగ్గా సరిపోయాయి.

"నా మొఖం గూడ అడ్డమొస్తే రాయి చెల్లె, ఆలోచించకు," అన్నాడు కొమురెల్లి కింద నుంచి.

తొర్రూరు మనిషి ఆమె రాస్తున్న ఒక్కో అంకెనూ పైకి చదువుతూ ఫోన్‌లో నొక్కుకుంటున్నాడు. చివరి అంకె తడి ఆరకముందే యమున బ్యాగులో ఫోన్ మోగింది. ఆమె బ్రష్షు చేతిలో ఉండగానే కిందికి చూసి, "ఏ గ్రూపన్నా?" అని అడిగింది.